మేనత్త మలుపు

జనవరి 8

ఈయన మళ్ళీ గ్యారేజీలోనే పడుకున్నారు. ర్యాలీ నేషనల్స్ దగ్గరికొచ్చేశాయి, కారు పని బోలెడుంది. నిజానికి ఆ పనంతా బావగారిదే. ఈయన పక్కన నిలబడి స్పానర్లు అందిస్తారంతే. అయినా అన్నదమ్ములిద్దరూ ఉంటే పని త్వరగా తెములుతుంది.

దిండు పంపించాను. చలిగా ఉంటుందని దుప్పటి కూడా. రెండూ పంపమని ఈయన అడగలేదు, నేనే పంపించాను.

నేషనల్స్ అయిపోతే అన్నీ సర్దుకుంటాయి.

జనవరి 10

బస్టాండు మైకు గదిలో కొత్తగా చేరిన అమ్మాయి టీ తాగుతూ అడిగింది. "మేడమ్, మీరు కార్ల రేసులకి వెళ్తారటగా? మీరే నడుపుతారా?"

"లేదమ్మా, మా ఆయన నడుపుతారు. నేను పక్క సీట్లో కూర్చుని చదువుతాను."

"ఏం చదువుతారు?"

"రోడ్డు."

వేళాకోళం చేస్తున్నాననుకుంది పాపం. మొదట్నుంచీ చెప్పుకొచ్చాను. ర్యాలీ అంటే గుండ్రంగా తిరిగే రేసు కాదు. కొండదారులు, మట్టిదారులు మూసేసి కార్లని ఒకదాని తర్వాత ఒకటి వదులుతారు. అలా మూసేసిన ఒక్కో దారిని స్టేజి అంటారు. ఎవరి టైము వాళ్ళది. ముందే మెల్లగా వెళ్ళి దారి చూసుకుని మలుపు మలుపూ, మధ్యలో ఎన్ని మీటర్లో కూడా రాసుకుంటాం. రేసులో ఆ వేగానికి, ఆ దుమ్ముకి నడిపే మనిషికి మలుపు అవతల ఏముందో తెలీదు. నేను హెల్మెట్‌లోని మైకులో చెబుతాను, ఈయన విని తిప్పుతారు.

"అమ్మో! మీరు తప్పు చెబితే?"

"చెట్టు."

పొలమారింది పిల్లకి. మా ఇద్దరికీ ఇదేం తిండి పెట్టే పని కాదు, సరదా. ఈయన పొద్దున్నుంచి సాయంత్రం దాకా డ్రైవింగ్ స్కూల్లో జనానికి "మెల్లగా, మెల్లగా" అని నేర్పుతారు. నేను బస్టాండు మైకులో ఏ బస్సు ఎక్కడుందో చెబుతాను. సెలవు దొరికితే ఇద్దరం వెళ్ళి కొండల మీద పడతాం.

మా మాటల సంగతి మాత్రం ఆ అమ్మాయికి చెప్పలేదు. అందరూ మలుపులకి అంకెలు వేసుకుంటారు. మావి చుట్టాలు. పెళ్ళైన కొత్తలో మొదటి ర్యాలీకి దారి చూస్తుంటే, ఎదురుగా వచ్చిన వంకర మలుపు చూసి ఈయన "అబ్బ, అచ్చం మా మేనత్త!" అన్నారు. అంతే, అక్కడ మొదలైంది. చెల్లి అంటే నవ్వుతూ వెళ్ళిపోయే మలుపు, బ్రేకు అక్కర్లేదు. వదిన అంటే కాలు కాస్త ఎత్తి మర్యాద ఇవ్వాలి. పెద్దమ్మ ఎంతకీ తెమలని పొడుగు వంపు. మేనత్త దగ్గర బ్రేకు తొక్కి, నోరు మూసుకుని, ఒదిగి వెళ్ళాలి. తాతయ్య దగ్గర కారు మొత్తం వెనక్కి తిరగాలి. ఇక కారు గాల్లోకి లేచే మిట్ట ఉందే, అది కొత్తల్లుడు, వాడికి కాళ్ళు నేల మీద ఆనవు కాబట్టి.

ఇంకో సంగతి. ఇంట్లో నేను ఈయన్ని మీరు అంటాను. కారులో నువ్వు. "తొక్కండి, తిప్పండి" అనేలోపు చెట్టు వచ్చేస్తుంది మరి. పదకొండేళ్ళుగా నువ్వు అనడానికి నాకు దొరికిన చోటు అదొక్కటే.

జనవరి 15

"ఈసారి అంకెలతో రాసుకుందాం," అన్నారు ఈయన, చెప్పులు వేసుకుంటూ, నా వంక చూడకుండా.

"ఎందుకు? చుట్టాలు చేదయ్యారా?"

"నేషనల్స్‌లో అందరూ అంకెలే వాడతారు. పద్ధతిగా ఉంటుంది. ఒకటి అంటే బాగా వంకర, ఆరు అంటే దాదాపు తిన్నగా. నువ్వు చదివినవాళ్ళలోకెల్లా చదివినదానివి, నీకెంతసేపు?"

పొగిడితే నేను కరిగిపోతానని ఈయనకి బాగా తెలుసు. కరిగిపోయాను కూడా.

జనవరి 16

అంకెలూ బాగానే ఉన్నాయి. పొట్టిగా ఉంటాయి.

జనవరి 21

ఇవాళ పరువు పోయింది. రోజంతా అంకెలే వల్లె వేస్తున్నానా, మైకులో "బస్సు ఎడమ నాలుగులో సిద్ధంగా ఉన్నది" అనేశాను. నాలుగో ప్లాట్‌ఫారం అనాల్సింది. జనం ఎడమకి పరిగెత్తారు, అక్కడ మరుగుదొడ్లున్నాయి. ట్రాఫిక్ ఆఫీసరు పైకొచ్చి చెడామడా తిట్టాడు.

ఈయనకి చెబితే పడీపడీ నవ్వుతారని సాయంత్రం గ్యారేజీకి వెళ్ళాను. ఈయన బయట నిలబడి ఫోన్లో మాట్లాడుతున్నారు. నన్ను చూసి "సరే, తర్వాత చేస్తా" అని పెట్టేశారు. స్పాన్సరట. ఏ స్పాన్సరో, మా కారు మీద టైర్ల బాబాయి కొట్టు పేరు తప్ప ఇంకేం లేదు. దొరికితే మంచిదేగా.

చెప్పాను. నవ్వారు. పడీపడీ కాదు, మామూలుగా.

జనవరి 27

చేరాం. కారు లారీ మీద, మేం లారీలో. టైర్ల బాబాయి దారంతా పాడుతూనే ఉన్నాడు. ఆయన మాకు చుట్టం కాదు, టైర్ల కొట్టాయన, ర్యాలీ అంటే కొట్టుకి తాళం వేసి మా వెంట వచ్చేస్తాడు. బావగారు చెవుల్లో దూది పెట్టుకుని కూర్చున్నారు. బావగారు మనుషులతో మాట్లాడేది తక్కువ, ఇంజనుతో అయితే "ఏమ్మా, ఏమైంది" అని గంటలు గంటలు మాట్లాడతారు.

లాడ్జిలో రెండు గదులు. ఈయన, బావగారు, బాబాయి ఒక గదిలో. కారు గురించి మాట్లాడుకోవాలట. నాకొక గది, అందులో రెండు మంచాలు. రెండో మంచం మీద నా బట్టలు పరిచాను, ఖాళీగా కనపడకుండా.

జనవరి 28

దారి చూడ్డానికి వెళ్ళాం. అద్దె కారులో మెల్లగా. ఈయన చూసి చెబుతారు, నేను రాసుకుంటాను. ఎప్పుడూ ఉన్న పద్ధతే.

ఒక్కటే ఆశ్చర్యం. ఈయన అంకెలు గడగడా చెప్పేస్తున్నారు. "ఎడమ నాలుగు, యాభై, కుడి మూడు, బిగుస్తుంది." ఎక్కడా ఆగలేదు, తడుముకోలేదు. నాకే చెయ్యి ఆగిపోతోంది. ఎక్కడ నేర్చుకున్నారు? వీడియోలు చూసుంటారు. గ్యారేజీలో ఖాళీగా ఉన్నప్పుడు చూసుంటారు.

చివరి స్టేజిలో ఒక మిట్ట ఉంది. ఎక్కగానే ఆకాశం తప్ప ఏమీ కనపడదు, దిగుతూనే ఎడమకి తిరగాలి. ఎంత మంచి కొత్తల్లుడో! నోటిదాకా వచ్చింది. ఈయన వంక చూశాను, ఈయన కూడా అనుకుంటున్నారేమోనని.

"మిట్ట, ఎడమ అయిదు," అన్నారు. రాసుకున్నాను.

జనవరి 29

బండ్ల తనిఖీ. వరుసలో నిలబడ్డాం. ఎండ. బాబాయి మజ్జిగ సీసా నా చేతిలో పెట్టి, కులాసాగా, "పోనీలే తల్లీ, ఇన్నాళ్ళూ కష్టపడ్డావు, వచ్చే సీజన్ నించి హాయిగా విశ్రాంతి తీసుకో. ఆ అమ్మాయి కూడా మంచిదేనట" అన్నాడు.

"ఏ అమ్మాయి?"

"అదే, ఆ నీలం హెల్మెట్ పిల్ల. కిందటేడు పక్క టెంటులో ఉండేది చూడు, వాళ్ళ డ్రైవరు మానేశాడుగా. మనవాడి పక్కన ఇకనించి ఆవిడే కూర్చుంటోందటగా..." అంటూనే నా మొహం చూశాడు. నోట్లో మాట నోట్లోనే ఆగిపోయింది. "నీకు తెలుసనుకున్నానే తల్లీ."

"తెలుసు బాబాయ్," అన్నాను.

మజ్జిగ తాగాను. ఉప్పు ఎక్కువైంది. తర్వాత కారు అవతలి వైపు వెళ్ళాను. ఈయన గ్లవ్ వేసుకుంటున్నారు.

"అంకెలు ఆవిడ కోసమా?"

గ్లవ్‌ని మణికట్టు దాకా లాక్కున్నారు.

"సీటొక్కటేనా? ఇల్లు కూడానా?"

గ్లవ్ వేళ్ళు ఒక్కొక్కటీ సర్దుకున్నారు. చిటికెన వేలి దగ్గర కుట్టు ఊడి ఉంది. నేనే కుట్టాలి అనుకుంటూ ఉన్నాను, వారం నుంచీ.

"రెండూ," అన్నారు. "రేసయ్యాక చెబుదామనుకున్నా. ఆవిడ ఊళ్ళోనే పని దొరికింది నాకు. నీతో కారులో ఎంత బాగుంటుందో నీకూ తెలుసు. ఇంట్లోనే... ఇంటికొస్తే నాకు ఊపిరాడదు. ఎందుకని అడక్కు, నాకూ తెలీదు."

మా నంబరు పిలిచారు. ఇద్దరం కలిసి కారుని తోసుకుంటూ లోపలికి తీసుకెళ్ళాం.

జనవరి 29, మళ్ళీ

వెళ్ళిపోదామనుకున్నాను. బ్యాగు సర్దాను. బావగారు తలుపు దగ్గరికొచ్చి, లోపలికి రాకుండా, నేల చూస్తూ నిలబడ్డారు.

"వాడు నా తమ్ముడే. అయినా వెధవ పని చేశాడు," అన్నారు. "నువ్వు కూర్చోనంటే చెప్పమ్మా, ఇప్పుడే కారు లారీ ఎక్కించేస్తా. ఒక్క మాట కూడా అనను."

రెండేళ్ళు పట్టింది బావగారికి ఆ కారుని నిలబెట్టడానికి. డొక్కు కారు, తుక్కు ధరకి తెచ్చింది. ఆయన గోళ్ళలోని నలుపు ఇంక పోదు.

"కూర్చుంటాను బావగారూ," అన్నాను.

బావగారి కోసమే కూర్చుంటున్నాను. ఇంకెందుకూ కాదు. బాగా చదివితే, మంచి టైము వస్తే, మనిషి మనసు మారకపోదు. అది వేరే సంగతి. బావగారి కోసం.

జనవరి 30

మొదటి రోజు.

మొదటి రెండు స్టేజీలూ అంకెలు చదివాను. నా గొంతు బస్టాండు గొంతులా ఉంది, ఎవరికో ఏదో చెబుతున్నట్టు. కారు నడిచింది. గొప్పగా కాదు, నడిచింది.

మూడో స్టేజిలో "కుడి రెండు" అన్నాను. చక్కగా, సమయానికి అన్నాను. ఆయన బ్రేకు తొక్కలేదు. కాలు కాస్త ఎత్తి తిప్పారంతే. కారు తిరగలేదు. వెనక చక్రం గుంటలోకి దిగింది, రాయికి కొట్టుకుంది, ఒళ్ళంతా అదిరిపోయింది. ఎలాగో దారి మీదికొచ్చి పడ్డాం.

"రెండంటే వదిన కదా!" అని అరిచారు.

అప్పుడర్థమైంది. చెల్లి, వదిన, పెద్దమ్మ, మేనత్త, తాతయ్య. మా వరుసలో రెండోది వదినే. ఆయన నోరు అంకెలు నేర్చుకుంది కానీ, చేతులు ఇంకా మా చుట్టాల్లోనే ఉన్నాయి.

"మీ కొత్త లెక్కలో ఒకటి తాతయ్య. రెండు మేనత్త," అన్నాను. కారులో మీ అనడం అదే మొదటిసారి. ఇద్దరికీ వినపడింది.

వెనక చక్రం కీచుమంటోంది. కొంత దూరం పోయాక చెవిలో ఆయన గొంతు, చిన్నగా: "మన మాటల్లో చెప్పవా."

చెప్పాను. ఏం చేయను, చెప్పాను. ఎడమ పెద్దమ్మ, కుడి వదిన, జాగ్రత్త, మేనత్త. వంకర చక్రంతోనే మిగతా దారంతా దూసుకుపోయాం.

సర్వీసు టెంటులో బావగారు కారు కింద దూరి, "ఏమ్మా, ఎంత దెబ్బ తగిలించుకున్నావే" అన్నారు. కారునే అన్నారు. నాకు ఏడుపొచ్చేసింది. బాబాయి చూసి తన తువ్వాలు ఇచ్చాడు, దానికి నల్లటి గ్రీజు, మొహమంతా అయింది. అది చూసి ఆయన నవ్వారు. నేనూ నవ్వాను. నలుగురం నవ్వాం. ఒక్క క్షణం ఏమీ జరగనట్టే ఉంది.

సాయంత్రం కూర్చుని మిగిలిన స్టేజీలన్నిటికీ అంకెల పక్కన పెన్సిల్‌తో చుట్టాలని రాసేశాను. "మన మాటల్లో" అన్నారు. మన అన్నారు.

జనవరి 31

ఏమని రాయను. ఇంత బాగా మేం ఎప్పుడూ నడపలేదు.

చివరి స్టేజి. వెలుతురు పక్కగా పడుతోంది, దుమ్ము బంగారంలా ఉంది. నేను చెబుతున్నాను, ఆయన తిప్పుతున్నారు. మధ్యలో సందు లేదు. నా మాట పుట్టడం, ఆయన చెయ్యి కదలడం ఒకటే అయిపోయింది.

"నూరు, కొత్తల్లుడు వస్తున్నాడు, ఎత్తకు, తొక్కేయ్, తొక్కేయ్!"

నాకేమీ కనపడలేదు, ఆయనకీ కనపడలేదు, ఉట్టి ఆకాశం. నా మాట మీద కాలు పూర్తిగా నొక్కి ఆ ఆకాశంలోకి తోలారు. గాల్లో ఉండగా చెవిలో ఆయన నవ్వు. పెళ్ళైన కొత్తలోని నవ్వు, పడీపడీ. "కట్నం అడుగుతాడేమో చూడు!" అన్నారు. "దిగగానే ఎడమ చెల్లి, ఏడవకుండా వెళ్ళు!" అన్నాను. చక్రాలు నేలకి తగిలాయి.

ఆ తర్వాత కాసిని మలుపులే మిగిలాయి. ఒక్కో మాటా సరిగ్గా చెబుతున్నాను, చెప్పిన ప్రతి మాటా చివరని దగ్గరికి తెస్తోంది. ఒక చెల్లిని మేనత్త అంటే చాలు, ఆగుతారు. ఆపు అంటే అక్కడికక్కడే ఆపేస్తారు, ఎందుకని కూడా అడగరు. ఈ లోకంలో ఆయన నా మాట వినేది ఇక్కడే. కానీ తప్పు చదవడం నాకు చేతకాలేదు. అన్నీ సరిగ్గానే చదివాను.

మా తరగతి కార్లలో మూడో స్థానం. చిన్న కప్పు. బాబాయి టైరు ఎత్తుకుని గంతులేశాడు. బావగారు కారు బానెట్ మీద చెయ్యి వేసి అలాగే నిలబడిపోయారు.

ఇద్దరం ఇంకా కారులోనే ఉన్నాం. ఇంజను ఆపేశారు, హెల్మెట్లు తియ్యలేదు. ఇప్పుడు చెబుతారనుకున్నాను. చెప్పారు కూడా.

"నువ్వు లేకపోతే ఈ కప్పు లేదు," అన్నారు. చాలా మంచిగా అన్నారు. అక్కడితో ఆపినా బాగుండేది. తనలో తాను అనుకుంటున్నట్టు, "అంకెలు ఇంకా గట్టిగా నేర్చుకోవాలి నేను," అన్నారు.

ఫిబ్రవరి 1

నిన్న నా హెల్మెట్ తియ్యబోతే బెల్టు ఊడి రాలేదు. బావగారు కత్తెరతో కోశారు.

ఫిబ్రవరి 9

బట్టలు తీసుకెళ్ళడానికి వచ్చారు. పెట్టె మూత పడకపోతే నేను మోకాలు వేసి నొక్కాను. అలవాటు. కారు బావగారి దగ్గరే ఉంటుందట, ఆవిడకి వేరే కారుందట. కప్పు ఎవరికి అన్నారు. బావగారికి అన్నాను.

తన హెల్మెట్ తీసుకున్నారు. నాది మేకుకే ఉంది. రెండిటినీ కలిపే తీగ సొరుగులో ఉంది, ఆయన అడగలేదు, నేను ఇవ్వలేదు. ఒక్క హెల్మెట్‌తో అది ఎవరికీ పనికిరాదు.

గ్లవ్ కుట్టి ఇచ్చాను. ఛీ, ఎందుకు కుట్టాను.

ఫిబ్రవరి 12

బాగానే ఉన్నాను. తింటున్నాను.

ఫిబ్రవరి 13

బాగాలేను. ఊరికే రాశాను నిన్న. ఇది ఎవరు చదవొచ్చారని?

ఫిబ్రవరి 20

పొద్దున డ్యూటీ. మూడో ప్లాట్‌ఫారం బస్సు, రోజూ చెప్పే బస్సే. ఆ బస్సు ఆవిడ ఊరికి వెళ్తుందని ఎప్పుడూ ఆలోచించలేదు. మైకు గది అద్దంలోంచి చూస్తే ఆయన కనపడ్డారు. పెట్టె, సంచి, హెల్మెట్. బావగారు పెట్టె మోసుకొచ్చారు, కింద పెట్టి వెళ్ళిపోయారు.

మా దగ్గర ప్రతి బస్సునీ మూడుసార్లు పిలవాలి. మా సంగతి మొదలైందే అక్కడ. పదకొండేళ్ళ కిందట ఎక్కడికో వెళ్ళాల్సిన మనిషి మైకులో నా గొంతు విని, రెండోసారి విని, మూడోసారి కూడా విందామని ఆగిపోయి, బస్సు పోగొట్టుకుని, ఎంక్వైరీ కిటికీ దగ్గరికొచ్చి, "ఆ గొంతు ఎవరిదండీ?" అని అడిగారు. పెళ్ళిచూపుల్లో ఆ మాటే చెబితే మా అమ్మ నోరు తెరిచింది.

మొదటిసారి పిలిచాను. ఆయన సంచి పైకి పెట్టారు.

రెండోసారి పిలిచాను. మెట్టు మీద ఒక కాలు వేసి ఆగి, తలెత్తి చూశారు. నా కిటికీ వైపు కాదు, స్తంభానికున్న స్పీకరు వైపు.

మూడోసారి పిలవలేదు. మైకు నొక్కి పట్టుకుని కూర్చున్నాను. మూడోది వినకపోతే ఆగుతారేమో, ఇంకా పిలవలేదుగా అని ఆగుతారేమో. కొత్తమ్మాయి నా మొహం చూసింది. కింద ట్రాఫిక్ ఆఫీసరు చెయ్యి ఊపుతూ అరుస్తున్నాడు. బస్సు నిండా జనం, వాళ్ళ పనులు వాళ్ళకున్నాయి.

పిలిచాను. ఊరి పేరు స్పష్టంగా, తొణక్కుండా చెప్పాను. ఆయన ఎక్కారు. ఈసారి బస్సు తప్పిపోలేదు.

బస్సు కదిలింది. మైకు మీంచి నా చెయ్యి తియ్యలేదని నాకు తెలీదు.

"కుడి వదిన," అన్నాను. "ముప్పై. ఎడమ చెల్లి, ఎత్తకు. గేటు దగ్గర మేనత్త. మెల్లగా. మెల్లగా వెళ్ళు."

బస్టాండంతా వినపడింది. ఎవరో గట్టిగా నవ్వారు. మూట మీద కూర్చున్న ముసలావిడ, ఎవరి మేనత్తకి ఏమైందని పక్కావిణ్ణి అడిగిందట. కొత్తమ్మాయి చెయ్యి చాచి, నా వేళ్ళు ఒక్కొక్కటీ విడిపించి, మైకు ఆపేసింది.

గేటు దగ్గర బస్సుకి వెనక ఎర్ర దీపాలు వెలిగాయి. బ్రేకు వేశాడు. తిరిగింది. కనపడలేదు ఇంక.

ఆ గేటు దగ్గర ప్రతి బస్సూ బ్రేకు వేస్తుంది. రోజూ చూస్తున్నదే. ప్రతి బస్సూ వేస్తుంది.